సంతకం చేసిన చేతితోనే: విశ్వాసంలో ధైర్యం గురించి నా అనుభవం

మా సంఘానికి నేను కోశాధికారిగా ఉన్న మూడో సంవత్సరంలో, ఒక ఆదివారం సాయంత్రం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయిన తరువాత, వార్షిక లెక్కలు సిద్ధం చేయడానికి పాత రిజిస్టరు తెరిచి కూర్చున్నాను. వితంతువుల సహాయ నిధికి వచ్చిన కానుకలను ఒక్కొక్కటిగా కూడుతూ, ఆ నెలలో ఎంత ఖర్చయిందో ఎదుటి పేజీలో చూసుకుంటూ వస్తుంటే, రెండు పేజీల మొత్తాలు పొసగలేదు. కూడికలో పొరపాటేమోనని మళ్లీ కూడాను. పొరపాటు కూడికలో లేదు. ఖర్చుల పేజీ అడుగున, చిన్న అక్షరాలతో, ‘భవన నిధికి బదిలీ’ అన్న పద్దు ఒకటి ఉంది. వెనక్కి తిప్పుతూ పోతే రెండేళ్లలో అలాంటి పద్దులు పదకొండు కనిపించాయి. ప్రతి పద్దు పక్కన రెండు సంతకాలున్నాయి. ఒకటి మా సంఘ పెద్దలందరిలోకీ వయసులో పెద్దవారిది, రెండోది నాది.

నా సంతకాన్ని అంత సేపు అంతకు ముందెన్నడూ చూడలేదు. చివరి అక్షరం కింద ఒక గీత గీసి, దాని చివర చిన్న చుక్క పెట్టడం నాకు అలవాటు. పదకొండు చోట్లా ఆ గీత, ఆ చుక్క శ్రద్ధగానే ఉన్నాయి. పద్దులో ఏమి రాసి ఉందో చదవడంలో మాత్రం ఆ శ్రద్ధ లేదు. నెలాఖరున పుస్తకం నా ముందుకు వచ్చేది, వేలు పెట్టి చూపిన చోట సంతకం చేసేవాణ్ని. చూపిన వేలు నేను తండ్రిలా గౌరవించే మనిషిది కావడం వల్ల, చదవాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

ఆయన సండే స్కూలులో నాకు పాఠాలు చెప్పినవారు. ఈనాటికీ ఆయన్ని నేను మాస్టారు అనే పిలుస్తాను. ప్రార్థన ఎలా చేయాలో, వాక్యం ఎలా తీసి చదవాలో, కష్టంలో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు ఏమి మాట్లాడకూడదో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ బదిలీల్లో ఒక్క పైసా కూడా ఆయన ఇంటికి వెళ్లలేదని ఆ సాయంత్రమే నాకు తెలుసు. భవనం కోసం చేసిన అప్పుకు వాయిదా కట్టవలసిన నెలల్లో, చేతిలో సొమ్ము చాలనప్పుడు, వితంతువుల నిధిలోంచి తీసి కట్టారు. తరువాత తిరిగి వేయవచ్చునని అనుకుని ఉంటారు. వేయలేదు. ఈలోగా ఆ నిధి మీద ఆధారపడిన ముగ్గురు వృద్ధ స్త్రీలకు నెలనెలా అందే సహాయం సగానికి తగ్గింది. కానుకలు తగ్గాయని వాళ్లకు చెప్పాము. చెప్పినవాణ్ని నేనే. కానుకలు తగ్గలేదని రిజిస్టరు చెబుతోంది.

ఆ రాత్రి నుంచి సంఘ పెద్దల సమావేశంలో నోరు విప్పే రోజు వరకు నాలుగు నెలలు పట్టింది. దేవుణ్ని నమ్ముకుని ధైర్యంగా అడుగు వేయడం గురించి నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను, నేనూ ఒకటి రెండు చెప్పాను. ఆ నాలుగు నెలల్లో నేను తెలుసుకున్నది మాత్రం ఆ ప్రసంగాల్లో నాకు దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి అయిదు వారాలు నేను ప్రార్థన చేశాను. ఆ మాట ఎంత మంచిగా వినిపిస్తుందో నాకు తెలుసు. కానీ ఆ ప్రార్థనల్లో నేను అడిగిందల్లా ఒకటే: ప్రభువా, ఈ విషయాన్ని నా ప్రమేయం లేకుండా నువ్వే సరిచేయి. మాస్టారే ఒక రోజు వచ్చి తానే చెప్పేలా చేయమనీ, అప్పు ఏదో విధంగా తీరిపోయి నిధి నిండేలా చేయమనీ, నేను కోశాధికారిగా దిగిపోయాక ఇంకెవరికైనా ఇది కనబడేలా చేయమనీ రకరకాలుగా అదే అడిగాను. మోకాళ్ల మీద ఉన్నాను కాబట్టి విశ్వాసంలో ఉన్నానని అనుకున్నాను. నిజానికి నేను దాక్కున్నాను, దాక్కోవడానికి ప్రార్థన కంటే గౌరవప్రదమైన చోటు విశ్వాసికి ఇంకొకటి లేదు.

ఆ దాపరికంలోంచి నన్ను బయటకు లాగింది నిర్గమకాండము పద్నాలుగో అధ్యాయం. రోజువారీ పఠనంలో అది ఆ వారమే వచ్చింది. ముందు సముద్రం, వెనుక ఫరో రథాలు. మోషే ప్రజలతో, ‘యెహోవా మీ పక్షమున యుద్ధము చేయును, మీరు ఊరకయే యుండవలెను’ అంటాడు. ఈ మాటను నేను ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో లెక్కలేదు. కానీ దాని వెంటనే ఉన్న వచనం దగ్గర నేనెప్పుడూ ఆగి చూడలేదు. ‘నీవేల నాకు మొఱపెట్టుచున్నావు? సాగిపోవుడి అని ఇశ్రాయేలీయులతో చెప్పుము’ అని దేవుడు మోషేతో అంటున్నాడు. మొఱలను వినే దేవుడే ఇక మొఱ చాలించి నడవమంటున్నాడు, అదీ సముద్రం ఇంకా పాయలు కాకముందే. ఊరక ఉండమన్న మాట, సాగిపొమ్మన్న మాట ఒకే చోట, ఒకదాని వెంట ఒకటి ఉన్నాయి. యుద్ధం ఆయనది కాబట్టి గెలుపు గురించి నేను ఊరకుండాలి. కాళ్లు నావి కాబట్టి నేను నడవాలి. అయిదు వారాలుగా నేను దీన్ని తలకిందులు చేశాను: కాళ్లను ఊరకుంచి, గెలుపు గురించి రాత్రింబగళ్లు మథనపడ్డాను.

ఆ తరువాత జరిగినదాన్ని ధైర్యమని నేనే పొరబడ్డాను. సాగిపొమ్మన్న మాట దొరకగానే నాలో కోపం లేచింది. ఒక రాత్రి కూర్చుని సంఘ సభ్యులందరికీ పంపడానికి ఏడు పేజీల ఉత్తరం రాశాను. ప్రతి బదిలీ తేదీ రాశాను. ముగ్గురు వృద్ధ స్త్రీల సంగతి కన్నీళ్లు తెప్పించేలా రాశాను. ప్రవక్తల గ్రంథాల్లోంచి వితంతువులకు అన్యాయం చేసేవారి మీద వచ్చిన గద్దింపులన్నీ ఎత్తి రాశాను. రాస్తున్నంతసేపు ఒళ్లంతా వేడెక్కి, ప్రవక్త ఎలీయా కర్మెలు కొండ మీద నిలబడినట్టు నేనూ నిలబడ్డాననిపించింది.

తెల్లవారాక నా భార్యకు చూపించాను. ఆమె మొత్తం చదివింది. చదివి, ‘ఇందులో మీ సంతకాల సంగతి ఎక్కడుందండీ?’ అని అడిగింది. ఏడో పేజీలో ఒక వాక్యం ఉందని చూపించాను. ఆమె ఇంకేమీ అనలేదు, పేజీలు సర్ది నా చేతికిచ్చింది. ఆ వాక్యాన్ని నేను మళ్లీ చదువుకున్నాను. ‘నా నమ్మకాన్ని వాడుకుని నా చేత సంతకాలు చేయించారు’ అని ఉంది. చదవకుండా సంతకం చేశానని లేదు. వృద్ధ స్త్రీలకు అబద్ధం చెప్పింది నేనేనన్న మాట ఏడు పేజీల్లో ఎక్కడా లేదు. ఆ ఉత్తరం చించేశాను.

నెహెమ్యా గ్రంథం అయిదో అధ్యాయాన్ని ఆ రోజుల్లో చాలాసార్లు చదివాను. యెరూషలేము గోడ కట్టే పని నడుస్తుండగా, బీదవారి పొలాలనూ పిల్లలనూ వడ్డీ కింద తోటి యూదులే లాక్కుంటున్నారన్న మొర, ఆ పని చేయిస్తున్న నెహెమ్యా చెవిన పడింది. అతనికి బహుగా కోపం వచ్చిందని వచనమే చెబుతోంది, అది దాచలేదు. కానీ ఆ కోపానికీ ప్రధానులను గద్దించడానికీ మధ్య ఒక చిన్న మాట ఉంది: ‘నాలో నేనే యోచనచేసి’. ఆ యోచనలో ఏమి తేలిందో కొన్ని వచనాల తరువాత బయటపడుతుంది. నేను, నా బంధువులు, నా దాసులు కూడా అప్పులిచ్చామని నెహెమ్యా ఒప్పుకుంటాడు. ఎదుటివారి ముందుకు వెళ్లేలోపు తన ఇంటి లెక్క తాను చూసుకున్నాడు. ‘మీరు మానుకోండి’ అనకుండా ‘మనము మానుకుందాము’ అన్న అర్థంలో మాట్లాడాడు. నా ఉత్తరంలో లేనిది అదే.

అప్పటి నుంచి నా ప్రార్థన మారింది. మాస్టారి గురించి అడగడం మాని, నా గురించి చెప్పుకోవడం మొదలుపెట్టాను. హెబ్రీయులకు రాసిన పత్రికలో ‘ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము’ అని ఉంది. అక్కడ ధైర్యమని తర్జుమా అయిన గ్రీకు మాట ‘పరేసియా’. ‘అంతా చెప్పడం’ అన్నది దాని మూలార్థం. ఏథెన్సు వంటి గ్రీకు నగరాల్లో, సభలో నిలబడి మనసులో ఉన్నది దాచకుండా మాట్లాడే పౌరుడి స్వేచ్ఛకు ఈ మాటే వాడేవారు. అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలో పేతురు, యోహానులను చూసి అధికారులు ఆశ్చర్యపడింది కూడా ఈ పరేసియాకే. ఇది తెలిసిన రోజున నాకు ఒక సంగతి స్పష్టమైంది: దేవుని ముందు అంతా చెప్పనివాడు మనుషుల ముందు అంతా చెప్పలేడు. చెప్పబోతే అది నా ఏడు పేజీల ఉత్తరంలా సగమే అవుతుంది. ఆ రాత్రి ఆయన ముందు అంతా చెప్పాను. సంతకాలు, అబద్ధం, మాస్టారి ప్రేమ పోతుందన్న భయం, ఆయన్ని పడగొట్టాలని ఉత్తరం రాసిన రాత్రి కలిగిన ఆనందం, అన్నీ చెప్పాను. చివరిది చెప్పడం అన్నిటికంటే కష్టమైంది.

తరువాతి పని లెక్కలు. విశ్వాసం ఉన్నవాడికి సన్నాహం అక్కర్లేదని కొందరు అనుకుంటారు. నాకు ఆ అభిప్రాయం లేదు. యెరూషలేము గోడల గురించి దేవుడు తన హృదయంలో పుట్టించిన ఆలోచనను ఎవరితోనూ చెప్పకముందే, నెహెమ్యా రాత్రివేళ బయలుదేరి, కూలిన చోట్లన్నీ తిరిగి చూశాడు. నేను కూడా పదకొండు పద్దులకూ బ్యాంకు స్టేట్‌మెంటు, రసీదు పుస్తకం, పెద్దల సమావేశాల మినిట్స్ పుస్తకం పక్కపక్కన పెట్టి సరిచూశాను. నాకు తెలిసినవి ఒక కాగితం మీద, నేను ఊహించినవి ఇంకో కాగితం మీద రాశాను. తెలిసినవి ఒక పేజీకి సరిపోయాయి. ఊహలు మూడు పేజీలయ్యాయి. అన్ని ఊహలు నాలో ఉన్నాయని చూసి నేనే నివ్వెరపోయాను. ఆ మూడు పేజీలను పక్కన పడేసి, ఒక్క పేజీతో వెళ్లాలని నిర్ణయించుకున్నాను.

కానుకల కవర్లు కూడా అప్పుడే చూశాను. ఖాళీ కవర్లను లెక్క పూర్తయ్యేదాకా కట్ట కట్టి ఉంచడం మా పద్ధతి. వాటిలో ఒకదాని మీద, వణుకుతున్న చేతితో, ఒక్కో అక్షరం ఒక్కో ఎత్తులో, ‘విధవరాండ్రకు మాత్రమే’ అని రాసి ఉంది. ‘మాత్రమే’ కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. సంఘానికి సొమ్ము అవసరమే కదా, ఏ నిధి అయితేనేమి అని నాలో మిగిలి ఉన్న వాదం ఆ రెండు గీతల దగ్గర ఆగిపోయింది. యెరూషలేములోని పరిశుద్ధుల కోసం వసూలైన చందా విషయంలో, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండేలా జాగ్రత్త పడుతున్నామని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ చందా తీసుకువెళ్లడానికి తనతో పాటు సంఘాలు ఏర్పరచిన మనుషులను కూడా పెట్టుకున్నాడు. అపొస్తలుడు తనను తాను నమ్మమని అడగని చోట, మేము ఒకరినొకరం గుడ్డిగా నమ్ముకుని దానికి ప్రేమ అని పేరు పెట్టాము.

ఎలా వెళ్లాలన్నది మిగిలింది. సహోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి గద్దించమని మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో ప్రభువు చెప్పాడు. వృద్ధుణ్ని గద్దించక తండ్రిగా భావించి హెచ్చరించమని తిమోతికి పౌలు రాశాడు. రెండూ నాకు వర్తిస్తాయి. తండ్రిని ఎలా హెచ్చరించాలి? దీనికి ఉదాహరణ కోసం వెతుకుతుంటే, రాజుల రెండవ గ్రంథంలో యోవాషు, యెహోయాదాల కథ దగ్గర ఆగిపోయాను. ఏడాది వయసున్న యోవాషును హంతకుల నుంచి తప్పించి, ఆరేళ్లు మందిరంలో దాచి, ఏడేళ్లకు సింహాసనం ఎక్కించి, పెంచి పెద్దచేసింది యాజకుడైన యెహోయాదా కుటుంబమే. మందిరం బాగుచేయడానికి వచ్చే సొమ్ము యాజకుల చేతికి వెళుతున్నా, యోవాషు ఏలుబడిలో ఇరవై మూడో సంవత్సరం వచ్చేసరికి కూడా శిథిలాలు అలాగే ఉన్నాయి. అప్పుడు యోవాషు, తనను ప్రాణాలతో నిలబెట్టిన ఆ మనిషినే పిలిపించి, ఎందుకు బాగుచేయలేదని అడిగాడు. యెహోయాదా కోపగించుకున్నాడని గ్రంథంలో లేదు. ఒక పెట్టె తెచ్చి, దాని మూతకు రంధ్రం చేసి, బలిపీఠం దగ్గర పెట్టాడని ఉంది.

ఆ పెట్టె మీద నా ఆశంతా పెట్టుకున్నాను. మాస్టారు కూడా అలాగే చేస్తారని, నన్ను దగ్గరికి తీసుకుని, ‘మంచి పని చేశావు’ అంటారని ఊహించుకున్నాను. ఇది కూడా ఒక విధమైన అపనమ్మకమేనని తరువాత తెలిసింది. ఫలితం ఇలా ఉంటేనే వెళతానని లోపల ఒక షరతు పెట్టుకుని, దానికి విశ్వాసమని పేరు పెట్టాను. దానియేలు గ్రంథంలో అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురు యూదులు మా దేవుడు రక్షించగలడని చెప్పి అక్కడితో ఆపలేదు. ‘ఒకవేళ ఆయన రక్షింపకపోయినను’ అన్న మాట కూడా రాజు ముఖం మీదే చెప్పారు. ఆ మాట నా నోటితో చెప్పడానికి నాకు ఇంకో వారం పట్టింది. ‘ప్రభువా, ఒకవేళ మాస్టారు నన్ను వెళ్లగొట్టినా ఆ స్త్రీల సొమ్ము వారిదే’ అని ఒక ఉదయం పైకి అన్నాను. అప్పుడే ఫోన్ చేసి, మీతో మాట్లాడాలి మాస్టారూ, ఎప్పుడు రమ్మంటారని అడిగాను.

ఆయన ఇంటి మెట్లు ఎక్కేటప్పుడు నా మోకాళ్లు వణికాయి. గిద్యోను బయలు అనే దేవత బలిపీఠాన్ని పడగొట్టింది రాత్రివేళ. తన తండ్రి ఇంటివారికీ ఊరివారికీ భయపడి పగలు చేయలేకపోయాడని న్యాయాధిపతుల గ్రంథం మొహమాటం లేకుండా చెబుతుంది. అయినా బలిపీఠం పడింది, దేవుడు అతన్ని రాత్రి ఎందుకు వెళ్లావని అడగలేదు. ఆ ఒక్క సంగతి ఆ మెట్ల మీద నాకు ఎంత తోడుగా నిలిచిందో చెప్పలేను.

కూర్చున్నాక, ముందుగా నా సంతకాల గురించి చెప్పాను. చదవకుండా పదకొండు సార్లు సంతకం చేశాననీ, ఆ స్త్రీలకు అబద్ధం చెప్పాననీ, అది దేవుని ముందు ఒప్పుకున్నాననీ, ఇప్పుడు మీ ముందు ఒప్పుకుంటున్నాననీ చెప్పాను. ఆ తరువాత ఆ ఒక్క పేజీ ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తీసుకుని నెమ్మదిగా చదివారు. చదువుతుండగా వేలు ప్రతి పద్దు కిందా కదిలింది. నాకు అక్షరాలు నేర్పిన వేలు అది.

చాలా సేపటికి, ‘నన్ను దొంగ అంటున్నావా బాబూ?’ అన్నారు.

‘కాదు మాస్టారూ. ఒక్క పైసా మీరు ముట్టలేదని నాకు తెలుసు. కానీ ఇచ్చినవాళ్లు ఎవరికని ఇచ్చారో వాళ్లకు అది చేరలేదు. అది మనమిద్దరం చేశాము. మనమే సంఘానికి చెప్పాలి.’

‘ఆ అప్పు కట్టకపోతే ఆరాధనకు చోటుండేది కాదు. అది నీకు తెలుసా?’

‘తెలుసండీ.’

ఆయన మరేమీ మాట్లాడలేదు. కాగితం అక్కడే పెట్టి వెళ్లమన్నారు. ప్రార్థన చేసి వెళ్లమని అనలేదు. ఆ ఇంట్లోంచి ప్రార్థన లేకుండా నేను బయటకు రావడం అదే మొదటిసారి.

మూడు వారాలు ఆయన నుంచి ఏ మాటా రాలేదు. నిజం చెప్పాలంటే, మెట్లెక్కడం కంటే ఈ మూడు వారాలే కష్టం. అడుగు వేసేటప్పుడు చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది. వేసేశాక చేయడానికి ఏమీ ఉండదు. ఆ రోజుల్లో ముప్పై ఏడో కీర్తనలోని ‘నీ మార్గమును యెహోవాకు అప్పగింపుము’ అన్న మాట పట్టుకుని ఉన్నాను. ‘అప్పగింపుము’ అని తర్జుమా అయిన హీబ్రూ మాటకు ‘దొర్లించు’ అని అర్థం. ఎత్తి పెట్టలేనంత బరువైన దాన్ని దొర్లిస్తాము. నేను రోజుకు ఎన్నోసార్లు దొర్లించేవాణ్ని, కాసేపటికి అది మళ్లీ నా మీదికి వచ్చేది, మళ్లీ దొర్లించేవాణ్ని. విశ్వాసమంటే ఒక్కసారి అప్పగించి తేలికగా తిరగడమని అనుకునేవాణ్ని. నా విషయంలో అది రోజంతా చేసే పనైంది.

నాలుగో వారం, ప్రభువు చెప్పిన క్రమంలోనే, ఒకరిద్దరిని వెంట తీసుకుని మళ్లీ వెళ్లాలనుకున్నాను. ఇద్దరు సహోదరులను అడిగాను. ఒకరు తన ఇంటి ఇబ్బందులు చెప్పారు. రెండోవారు, ‘ఇది బయటకు పొక్కితే సంఘ సాక్ష్యం ఏమవుతుంది బ్రదర్? ప్రార్థనలో పెట్టండి’ అన్నారు. ఆయన్ని నేను తప్పుపట్టలేను, అయిదు వారాలు నేను చేసింది కూడా అదే. చివరికి స్త్రీల కూడికను నడిపే ఒక సహోదరి కాగితం చదివి, ఎప్పుడు వెళ్దాం అని మాత్రమే అడిగింది. మేమిద్దరం వెళ్లాము. మాస్టారు తలుపు తీసి, ‘పెద్దల సమావేశంలో మాట్లాడుకుందాం’ అన్నారు. కోపంగా అనలేదు, అలసటగా అన్నారు.

సమావేశం ముందు రోజు రాత్రి, జర్మనీలో సంఘ సంస్కరణకు నడుం కట్టిన మార్టిన్ లూథరు గుర్తుకొచ్చాడు. 1521 ఏప్రిల్ 17న వోర్ముస్ సభలో, చక్రవర్తి ఎదుట, నీ పుస్తకాలను వెనక్కి తీసుకుంటావా అని అడిగినప్పుడు అతను వెంటనే జవాబు చెప్పలేదు. ఆలోచించుకోవడానికి సమయం ఇమ్మన్నాడు. ఒక రోజు ఇచ్చారు. మరునాడు వచ్చి, వెనక్కి తీసుకోనని చెప్పాడు. అందరూ ఆ రెండో రోజునే తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ మధ్య రాత్రి మీదే మనసు నిలిచింది. మొదటి రోజు గడువు అడిగిన నోటితోనే రెండో రోజు ఆ మాట వచ్చింది.

సమావేశంలో నేను నాలుగైదు నిమిషాలకు మించి మాట్లాడలేదు. గొంతు వణికింది, రెండుసార్లు ఆగవలసి వచ్చింది. నా తప్పు చెప్పాను, పదకొండు పద్దులు చదివాను, మూడు మాటలు అడిగాను: సంఘానికి నిజం చెప్పాలి, నిధిని తిరిగి నింపాలి, ఆ ముగ్గురు స్త్రీలను క్షమాపణ అడగాలి. ఆ తరువాత అరగంట సేపు నా మీదికి చాలా మాటలు వచ్చాయి. పదవి కోసమన్నారు, పెద్దాయన్ని అవమానించానన్నారు, దైవసేవకులను విమర్శించేవారికి ఏమైందో చూడమన్నారు. ఒక్కదానికి కూడా జవాబు చెప్పాలనిపించలేదు. ఆ ఏడు పేజీలు ఇంకా నా దగ్గర ఉండి ఉంటే ప్రతిదానికీ చెప్పేవాణ్నేమో. అపొస్తలులు విడుదలై తమవారి దగ్గరికి వచ్చినప్పుడు, ఆ బెదిరింపులను తీసివేయమని అడగలేదు. వాటిని చూడమని ప్రభువుతో చెప్పి, ధైర్యంగా మాట్లాడే కృపను అడిగారు. ఆ గదిలో నేను లోపల చెప్పుకున్నది ‘చూడు ప్రభువా’ అన్న ఒక్క మాటే.

చివరికి మాస్టారే లేచారు. ‘బాబు చెప్పింది నిజం. పద్దులు నేను రాయించాను. భవనం నిలబడితే చాలనుకున్నాను’ అన్నారు. అంతే చెప్పి కూర్చున్నారు. ఆయన తల వంచుకుని ఉండగా నాకు గెలిచానన్న భావం ఏ కోశానా కలగలేదు. తండ్రిని నలుగురిలో నిలబెట్టిన కొడుకు బాధే కలిగింది. పాస్టరుగారు చాలాసేపు మౌనంగా ఉండి, ఆ తరువాత ప్రార్థన చేశారు.

నిధిని నెలనెలా కొంత చొప్పున నింపాలని తీర్మానమైంది. తరువాతి ఆదివారం పాస్టరుగారు సంఘానికి విషయం చదివి వినిపించారు. కొన్ని కుటుంబాలు మాకు దూరమయ్యాయి. రెండు కుటుంబాలు సంఘమే విడిచి వెళ్లాయి. వాళ్ల గురించి నాకు ఈనాటికీ దుఃఖముంది. మాస్టారు పెద్దల బృందం నుంచి తప్పుకున్నారు. నన్ను కొనసాగమన్నారు, కానీ ఇక మీదట ఒక్కరి ముందు లెక్క జరగకూడదని కోరాను. యెహోయాదా పెట్టెలో సొమ్ము నిండినప్పుడు రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ వచ్చి లెక్కించేవారని గ్రంథంలో ఉంది. ఇప్పుడు నేను, ఆ సహోదరి కలిసి లెక్కపెడుతున్నాము. ప్రతి పద్దునూ ఒకరు పైకి చదువుతారు, ఇంకొకరు వింటారు, ఆ తరువాతే సంతకం.

మొదటి నెల సహాయం పూర్తిగా నిండిన కవరును ఆ ముగ్గురిలో పెద్దావిడకు నేనే తీసుకువెళ్లాను. కానుకలు తగ్గాయని మీకు అబద్ధం చెప్పానమ్మా, క్షమించండి అన్నాను. ఆవిడ కవరు తెరవలేదు. నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ప్రార్థనలో నా పేరు చెప్పింది, మాస్టారి పేరూ చెప్పింది, భవనం అప్పు తీరాలని కూడా అడిగింది. నాలుగు నెలల్లో ఆ అప్పు గురించి ఒక్కసారి కూడా నేను ప్రార్థించలేదని అక్కడ, ఆ చేతి కింద, గుర్తొచ్చింది. ఆ రాత్రి నుంచి ప్రార్థిస్తున్నాను.

ఆరాధన అయ్యాక ప్రతి ఆదివారం నేనే ఎదురెళ్లి, ‘వందనాలు మాస్టారూ’ అంటాను. ఎనిమిది నెలలుగా ఆయన తల ఊపి వెళ్లిపోతూ వచ్చారు. మొన్న ఆదివారం మాత్రం రెండడుగులు వేసి ఆగారు.

‘ఈ నెల లెక్క సరిపోయిందా?’ అని అడిగారు.

సరిపోయిందని చెప్పాను.